రాసుకోని అరెస్టు: ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు, ఒక రిజిస్టర్ ఉత్తరం

ఎప్పట్లాగే ఇస్నాపూర్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, ముంబై హైవే మన గోడ పక్కనే.

ఇయ్యాల ఎపిసోడ్ కొంచెం బరువుగా ఉంటది. కానీ చివరిదాకా ఉండండి, ఎందుకంటే చివర్లో మీ ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సిన సంగతులు చెప్తా. ముందు ఒక చిన్న విషయం. అది జరిగినాకే ఈ ఎపిసోడ్ చేయాలనిపించింది.

పోయిన చలికాలం. మా బిల్డింగ్ పై అంతస్తులో ఒడిశా పిల్లలు ఐదారుగురు కలిసి ఒక రూమ్ తీసుకుని ఉంటారు. అందరూ ఇక్కడి కంపెనీల్లో కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లే. ఒక రాత్రి 11 గంటలప్పుడు ఎవరో తలుపు దబదబా కొట్టారు. తీస్తే వాళ్లలో ఒకడు. వచ్చీరాని తెలుగులో, "అన్నా, మా తమ్మునికి తీస్కపోయిండ్రు. ఇద్దరు వచ్చిండ్రు. బండి మీద మధ్యల కూసోబెట్టుకుని పోయిండ్రు" అన్నాడు.

"పోలీసులా?"

"ఏమో అన్నా. డ్రెస్ లేదు. పేరు అడిగితే చెప్పలే."

ఇద్దరం నా బండి మీద బయల్దేరాం. ఒక స్టేషన్‌కి పోతే "మా దగ్గర లేడు" అన్నారు. ఇంకో చోటుకి పోతే అక్కడా అదే మాట. తెల్లారేదాకా తిరిగాం. మర్నాడు సాయంత్రం 6 గంటలకి ఆ పిల్లగాడే నడుచుకుంటూ వచ్చాడు. ఏదో కంపెనీలో రాగి వైరు పోయిందట, పేరు కలిసిందని పట్టుకుపోయారట, వీడు కాదని తేలినాక వదిలేశారట. దెబ్బలేం తగల్లేదు. చౌరస్తా దగ్గర చాయ్ కొట్టు కాకకి ఈ సంగతి చెప్తే, "వచ్చిండు కద తమ్మీ, ఇంకేంది? ఇడిసిపెట్టు" అన్నాడు.

నిజమే, వచ్చాడు. కానీ నాకు ఒకటే మనసులో మెదులుతూ ఉండిపోయింది. రాత్రి 11 నుంచి సాయంత్రం 6 దాకా, 19 గంటలు, ఆ పిల్లగాడు ఏ కాగితం మీదా లేడు. ఎవరు తీసుకుపోయారో రాయలేదు. ఎందుకో రాయలేదు. ఎక్కడ ఉంచారో రాయలేదు. ఆ 19 గంటల్లో జరగరానిది జరిగి ఉంటే? "మేం తీసుకుపోలేదు" అనే ఒక్క మాటతో అయిపోయేది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు మా లీడ్ ఒక మాట అనేవాడు. సర్వర్ పడిపోతే భయం లేదు, లాగ్ ఉంటే ఏం జరిగిందో పట్టుకోవచ్చు. లాగే లేకపోతే, అసలు ఏమీ జరగలేదని ఎవడైనా అంటాడు, నువ్వు ఏమీ చేయలేవు. మనిషి విషయంలో కూడా ఇంతే. మనిషిని మాయం చేయడం ఎక్కడ మొదలవుతుందంటే, తుపాకీ దగ్గర కాదు, లాఠీ దగ్గర కాదు. పట్టుకున్నాక రాసుకోకపోవడం దగ్గర.

ఈ మాట అర్థం కావాలంటే 50 ఏళ్లు వెనక్కి పోవాలి. ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థుల కథ చెప్తా. ఒకరిది వరంగల్ ఆర్ఈసీ, ఇంకొకరిది కాలికట్ ఆర్ఈసీ. ఇప్పుడు వాటినే ఎన్ఐటీలు అంటున్నాం. ఇద్దరూ ఎమర్జెన్సీలోనే పోయారు. మొదటి మనిషి మన పాత మెదక్ జిల్లా మట్టిలోనే పడిపోయాడు.

మొదటి విద్యార్థి: జనార్దన్

పేరు సూరపనేని జనార్దన్. వరంగల్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ. ఆ రోజుల్లో ఆర్ఈసీలో సీటు అంటే మాటలు కాదు. అక్కడి డిగ్రీ చేతిలో ఉంటే మన పక్కనున్న రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ లాంటి చోట ఇంజినీరుగా కూర్చోవచ్చు. క్వార్టర్, జీతం, పెన్షన్. మన ఇళ్లల్లో ఇప్పటికీ అమ్మానాన్నలు కోరుకునేది అదే కదా.

కానీ ఆ కాలం వేరు. 1969లో తెలంగాణ ఉద్యమం, కాల్పులు. అదే కాలంలో శ్రీకాకుళం గిరిజన పోరాటం, అక్కడ వరసగా ఎన్‌కౌంటర్లు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర జార్జిరెడ్డిని పొడిచి చంపారు. సినిమా చూసే ఉంటారు. ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్లలు క్యాంపస్‌లలో ఊరికే కూర్చోలేదు. 1974లో రాడికల్ విద్యార్థి సంఘం ఏర్పడింది. వరంగల్ దానికి గట్టి చోటు. జనార్దన్ ఆ సంఘం నాయకుల్లో ఒకడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ సంఘం విప్లవ రాజకీయాలు నమ్మింది. ఆ రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. నాకు కూడా అందులో ఒప్పుకోలేనివి ఉన్నాయి. మనిషిని రాత్రిపూట ఇంట్లోంచి తీసుకుపోయి, ఇన్‌ఫార్మర్ అని ముద్రేసి చంపడం నక్సలైట్ల వైపు నుంచి కూడా జరిగింది, అది కూడా తప్పే. కానీ ఇయ్యాల మన ప్రశ్న జనార్దన్ నమ్మింది కరెక్టా కాదా అని కాదు. ప్రభుత్వం ఒక పౌరుణ్ని పట్టుకుంటే ఏం చేయాలి, ఏం చేసింది. అదీ ప్రశ్న.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. సరిగ్గా నెలకి, జూలై 25న, అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు చనిపోయారు. సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, కొలిశెట్టి ఆనందరావు, వనపర్తి సుధాకర్. అందరూ కుర్రాళ్లే. పోలీసులు చెప్పింది మనందరికీ అలవాటైన మాటే: అడవిలో ఎదురుపడ్డారు, కాల్పులు జరిపారు, మేం ఎదురు కాల్పులు జరిపాం, చనిపోయారు.

పేపర్లకి సెన్సార్ ఉంది. సభలు లేవు. ప్రశ్నించేవాళ్లలో చాలామంది జైళ్లలో ఉన్నారు. ఇంక ఎవరు అడుగుతారు? దాదాపు రెండేళ్లు ఎవరూ గట్టిగా అడగలేకపోయారు.

1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు. జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఒక కమిటీ ఏర్పడింది. దాని పెద్ద వి.ఎం. తార్కుండే, బొంబాయి హైకోర్టులో జడ్జిగా చేసినాయన. కన్వీనర్ మన హైదరాబాద్ వకీలు కె.జి. కన్నబిరాన్. సభ్యుల్లో ఒకరు వరంగల్ కాళోజీ. అవును, ఆ కాళోజీనే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న మనం తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం కదా, అందరూ కవి అని గుర్తు పెట్టుకున్నారు. ఎన్‌కౌంటర్లలో పోయిన పిల్లల గురించి ఆరా తీసిన కమిటీలో కూడా ఆయన ఉన్నాడని ఎంతమందికి తెలుసు?

కమిటీ ఏం చేసింది? సాక్షులతో మాట్లాడింది. ఊళ్లవాళ్లతో మాట్లాడింది. ఆ రోజుల్లో పోలీసుల చేతిలో ఉండి బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడింది. అక్కడ అసలు విషయం తేలింది. ఈ నలుగురు అడవిలో పోలీసులకి ఎదురుపడలేదు. అప్పటికే పోలీసుల దగ్గరే ఉన్నారు. పట్టుకున్నారు, అరెస్టు చూపలేదు, మెజిస్ట్రేట్ దగ్గరికి తీసుకుపోలేదు. రాత్రిపూట అడవికి తీసుకుపోయి, చెట్లకు కట్టి కాల్చారు. కమిటీ చెప్పింది ఇదీ.

ఇప్పుడు ఆ లాగ్ మాట గుర్తు చేసుకోండి. పట్టుకున్న రోజుకీ చనిపోయిన రాత్రికీ మధ్య ఒక ఖాళీ ఉంది. కాగితం మీద ఆ రోజుల్లో జనార్దన్ ఎక్కడా లేడు. పట్టుకున్నట్టు రాసి ఉంటే, "అడవిలో ఎదురుపడ్డాడు" అనే కథ చెప్పడం కుదరదు. కథ నిలబడాలంటే కాగితం ఖాళీగా ఉండాలి.

తర్వాత? 1977లోనే సుప్రీంకోర్టు మాజీ జడ్జి వి. భార్గవతో విచారణ కమిషన్ వేశారు. కన్నబిరాన్ కమిటీ తరఫున వాదించారు. గిరాయిపల్లి మీద సాక్ష్యాలు అందరి ముందూ చెప్పడం మొదలైంది, పేపర్లలో కూడా వచ్చింది. కొంతకాలానికి, ఇకమీదట విచారణ మూసిన తలుపుల వెనకాలే అన్నారు. దానికి ఒప్పుకోక కమిటీ బయటికి వచ్చేసింది. కమిషన్ పని ఎటూ తేలకుండానే ఆగిపోయింది.

ఒక్క సంగతి ఇంకా చెప్పి ముందుకు పోతా. 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ మన మెదక్ నుంచి గెలిచి పార్లమెంటుకు పోయారు. మెదక్ అనగానే మన పెద్దలకి అదే గుర్తొస్తది, ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. గిరాయిపల్లి ఎవరికి గుర్తుంది? నేను ఇక్కడే పెరిగా, బీటెక్ అయిపోయేదాకా ఆ పేరే వినలేదు. బండి మీద పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరం.

రెండో విద్యార్థి: రాజన్

ఇప్పుడు కేరళ పోదాం. ఎందుకంటే ఇదే కాలంలో, ఇలాంటి కాలేజీలోనే జరిగిన ఇంకో కేసులో ఒక చిన్న తేడా ఉంది. ఆ తేడానే ఈ ఎపిసోడ్‌కి అసలు కారణం.

పి. రాజన్. కాలికట్ ఆర్ఈసీలో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. బాగా పాడేవాడు. తండ్రి టి.వి. ఈచరవారియర్, హిందీ ప్రొఫెసర్. 1976 ఫిబ్రవరి 28న కాయణ్ణ అనే ఊరి పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్లు దాడి చేశారు. ఆ దాడి చేసినవాళ్ల కోసం పోలీసులు వెతకడం మొదలుపెట్టారు. మార్చి 1న తెల్లవారుజామున క్యాంపస్‌కి వచ్చి రాజన్‌ని పట్టుకుపోయారు. అప్పుడే వేరే కాలేజీలో ఆర్ట్స్ ఫెస్టివల్ చూసుకుని స్నేహితులతో తిరిగి వచ్చాడు. దాడిలో వీడున్నాడనడానికి ఏ ఆధారమూ బయటికి రాలేదు.

కక్కయం అనే కొండ ప్రాంతంలో పోలీసులు ఒక క్యాంపు పెట్టారు. అక్కడికి తీసుకుపోయారు. బల్ల మీద పడుకోబెట్టి, తొడల మీద బరువైన కర్రదుంగ పెట్టి దొర్లించేవారు. మలయాళంలో దానికి ఒక పేరే ఉంది, "ఉరుట్టల్", అంటే దొర్లించడం. రాజన్ ఆ దెబ్బలకే చనిపోయాడు. శవాన్ని మాయం చేశారు. ఇప్పటికీ దొరకలేదు.

ఇక్కడిదాకా జనార్దన్ కథ లాగే ఉంది కదా. కాగితం మీద రాజన్ కూడా లేడు. పోలీసులు పట్టుకోలేదన్నారు. ప్రభుత్వం పట్టుకోలేదంది.

ఇప్పుడు ఆ తేడా. ఆ కాలేజీ ప్రిన్సిపల్ పేరు బహావుద్దీన్. ఆయన ఒక పని చేశారు. మీ అబ్బాయిని పోలీసులు తీసుకుపోయారని తండ్రికి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశారు. అంతే. పెద్ద ధర్నా కాదు, పెద్ద స్పీచ్ కాదు. ఎమర్జెన్సీ నడుస్తోంది, ఎవరూ నోరు విప్పట్లేదు, ఆయన ఒక ఉత్తరం రాసి పోస్టాఫీసులో రసీదు తీసుకున్నారు.

పోలీసులు రాయని లాగ్‌ని ఒక ప్రిన్సిపల్ రాశాడన్నమాట.

ఆ ఉత్తరం పట్టుకుని వారియర్ తిరగని చోటు లేదు. కక్కయం క్యాంపు గేటు దాకా పోయారు, లోపలికి రానీయలేదు. హోం మంత్రి కరుణాకరన్‌ని కలిశారు. పెద్ద పెద్ద అధికారులకి, ఎంపీలకి అర్జీలు రాశారు. ఏడాది గడిచింది.

మరి కోర్టుకి పోవచ్చు కదా అంటారు. పోవడానికి దారి లేదు. మనిషి కనబడకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ అని ఒక పిటిషన్ వేస్తారు. దాని అర్థం సింపుల్: మీరు పట్టుకున్న మనిషిని మా ముందుకి తీసుకురండి. కానీ 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఆ పిటిషన్ వేసే హక్కే లేదని. ఏడీఎం జబల్‌పూర్ కేసు అంటారు. ఐదుగురు జడ్జిల్లో నలుగురు అలా చెప్పారు. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా మాత్రం కాదన్నారు. సీనియారిటీ ప్రకారం తర్వాత ఆయనే చీఫ్ జస్టిస్ కావాలి, కానీ జూనియర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ నలుగురు చెప్పింది తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకుని కొట్టేసింది 2017లో. నలభై ఏళ్లు పట్టింది.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. మార్చి 25న వారియర్ కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. నాలుగంటే నాలుగు రోజులు. చూడండి, ఆ తండ్రి ఎంత ఎదురుచూశాడో. అదే మార్చి 25న కరుణాకరన్ కేరళ ముఖ్యమంత్రి అయ్యారు.

కోర్టులో ప్రభుత్వం, అసలు రాజన్‌ని అరెస్టే చేయలేదంది. కానీ ఇటువైపు ప్రిన్సిపల్ ఉన్నాడు, క్యాంపస్‌లో చూసిన విద్యార్థులు ఉన్నారు, క్యాంపులో రాజన్‌ని చూసినవాళ్లు ఉన్నారు. "నేను చూశాను" అని చెప్పడానికి మనుషులు నిలబడ్డారు. ఏప్రిల్ 13న హైకోర్టు తీర్పు ఇచ్చింది: మార్చి 1న రాజన్‌ని పోలీసులు పట్టుకున్న మాట నిజం, తెచ్చి మా ముందు నిలబెట్టండి. తేలేకపోయారు. తర్వాత, కస్టడీలోనే చనిపోయాడని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 25న, కుర్చీ ఎక్కిన సరిగ్గా నెలకి, కరుణాకరన్ రాజీనామా చేశారు.

ఇదేదో సినిమా లాగ న్యాయం గెలిచింది అని చెప్పట్లేదు. పోలీసు అధికారుల మీద కోయంబత్తూరులో కేసు నడిచింది, కింది కోర్టు వేసిన శిక్ష పై కోర్టులో నిలబడలేదు. కరుణాకరన్ మళ్లీ ముఖ్యమంత్రి కూడా అయ్యారు. కానీ ఒక్కటి మాత్రం జరిగింది. రాజన్‌ని పోలీసులు పట్టుకున్నారు అన్నది దేశం ముందు రుజువైంది. ఇంక ఎవరూ కాదనలేరు. జనార్దన్ విషయంలో కమిటీ చెప్పింది, సాక్షులు చెప్పారు, కానీ కోర్టు ముద్ర పడలేదు. తేడా అదే.

దొరకని మనిషి ఇంట్లో

వారియర్ తర్వాత ఒక పుస్తకం రాశారు, ఒక తండ్రి జ్ఞాపకాలు. 2006లో ఆయన చనిపోయారు. ఆ పుస్తకంలో ఉన్న ఒక సంగతి నన్ను వదల్లేదు. కొడుకు ఏ రాత్రైనా రావచ్చు, ఆకలితో వస్తాడు అని, రోజూ ఒక మనిషి అన్నం ఎక్కువ ఉంచమని భార్యకి చెప్పేవారట. తల్లికి మనసు చెదిరిపోయింది. కొడుకు లేడన్న మాట ఆమెకి చెప్పలేకపోయారు. రాజన్ ఎప్పుడొస్తాడు అని అడుగుతూనే ఉండేదట. అలా అడుగుతూనే 2000లో కన్నుమూసింది.

మనిషి చనిపోతే ఏడుస్తాం, దినం చేస్తాం, ఫొటోకి దండ వేస్తాం. మెల్లగా బతుకు మళ్లీ నడుస్తది. మనిషి కనిపించకుండా పోతే ఇవేవీ చేయలేం. దండ వేస్తే మనమే చంపేసినట్టు ఉంటది. వేయకపోతే రోజూ తలుపు వైపు చూడాలి.

మన ఇస్నాపూర్ వాళ్లకి ఇది వేరే రకంగా తెలుసు. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగింది. అది ప్రమాదం, నేను దాన్ని దీంతో కలపట్లేదు. కానీ ఆ రోజు లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్కే మొదట్లో పూటకో తీరుగా వచ్చింది. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు డీఎన్ఏ రిపోర్టుల కోసం రోజుల తరబడి కూర్చున్నాయి. ఎనిమిది మంది ఆనవాళ్లు దొరకనే లేదు. అక్కడ నిలబడి చూసినవాళ్లకి తెలుసు, ఆ ఇళ్లవాళ్లు మొదట అడిగింది పరిహారం కాదు. మావాడు లోపల ఉన్నాడా లేడా, పేరు రాసుకున్నారా లేదా. ప్రమాదంలోనే ఇట్లా ఉంటే, కావాలని చేసినప్పుడు ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇది మన దేశం ఒక్కదాని కథ కాదు. వారియర్ హైకోర్టులో గెలిచిన ఆ 1977 ఏప్రిల్‌లోనే, 30వ తేదీన, అర్జెంటీనా రాజధానిలో కొందరు తల్లులు సైనిక ప్రభుత్వ భవనం ముందు చౌరస్తాలో నిలబడ్డారు. మా పిల్లలు ఎక్కడ అని అడిగారు. తర్వాత తలకి తెల్లగుడ్డ కట్టుకుని ప్రతి గురువారం అక్కడ చుట్టూ నడిచారు. ఒకరికొకరికి తెలియదు, భాషలు వేరు, ఖండాలు వేరు. అడిగింది మాత్రం ఒకటే.

ప్రపంచ దేశాలు దీనికోసం 2006 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ప్రభుత్వం మనుషులు ఒకరిని పట్టుకుని, పట్టుకోలేదని అబద్ధం ఆడటాన్ని నేరం చేయాలని. మన దేశం 2007లో దాని మీద సంతకం పెట్టింది. కానీ దాన్ని ఆమోదించి, అమల్లోకి తేలేదు. ఇప్పటికీ మన చట్టంలో "బలవంతపు అదృశ్యం" అని ప్రత్యేకంగా ఒక నేరం లేదు. కిడ్నాప్ అనో, అక్రమ నిర్బంధం అనో, హత్య అనో పెట్టుకోవాలి.

మరి మన చేతిలో ఏముంది?

ఇప్పుడు మొదట్లో చెప్పిన సేవ్ చేసుకోవాల్సిన పాయింట్లు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, వకీలుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ప్రయాణానికి పట్టే టైమ్ మాత్రం ఇందులో కలపరు. కన్నబిరాన్ ఆత్మకథ పేరు ఏంటో తెలుసా? "24 గంటలు".

రెండు. 1996 డిసెంబర్ 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన రూల్స్. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనబడేలా బ్యాడ్జి ఉండాలి. అక్కడికక్కడే అరెస్టు మెమో రాయాలి, టైమ్, తేదీ వేయాలి. దాని మీద ఇంట్లోవాళ్లో, ఆ ఏరియా పెద్దమనిషో ఒకరు సాక్షిగా సంతకం పెట్టాలి. అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి. ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో కబురు చేయాలి. ఈ కేసు కూడా ఎలా మొదలైందో తెలుసా? 1986లో బెంగాల్ నుంచి డి.కె. బసు అనే ఆయన కస్టడీ చావుల గురించి సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌కి రాసిన ఉత్తరంతో. మళ్లీ ఉత్తరమే.

మూడు. మీ వాళ్లని ఎవరైనా తీసుకుపోతే, మొదట చేయాల్సింది ఏడవడం కాదు, గొడవ కాదు, రాసుకోవడం. టైమ్ ఎంత, ఎంతమంది, ఏ బండి, నంబర్ ఏంటి, ఎవరెవరు చూశారు. ఆ వెంటనే ఆ వివరాలు ఇద్దరు ముగ్గురికి వాట్సాప్‌లో పంపండి, టైమ్ దానంతట అదే పడుతుంది. 112కి ఫోన్ చేయండి, ఆ కాల్ కూడా ఒక రికార్డే. స్టేషన్‌లో లేడంటే జిల్లా ఎస్పీకో కమిషనర్‌కో రాతపూర్వకంగా పంపండి, రసీదు దాచుకోండి.

నాలుగు. డబ్బుల్లేకపోతే వకీలు దొరకడనుకోవద్దు. న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100. హెబియస్ కార్పస్ వేయడానికి రక్త సంబంధమే ఉండాలని లేదు, స్నేహితుడు కూడా వేయొచ్చు. జైల్లోంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకున్న సందర్భం కూడా ఉంది.

మళ్లీ ఎమర్జెన్సీ వస్తే ఇవన్నీ ఉంటాయా అని అడుగుతారు. 1978లో 44వ సవరణ చేశారు. ఎమర్జెన్సీ పెట్టినా సరే, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన 21వ అధికరణాన్ని ఆపడానికి వీల్లేదని రాశారు. జనార్దన్‌కి, రాజన్‌కి లేని రక్షణ అది. వాళ్లలాంటివాళ్లు పోయినాక మనకి వచ్చింది.

పోలీసులందరూ ఇలాగే ఉంటారని నేను అనట్లేదు. డ్యూటీ సక్రమంగా చేసే పోలీసుకి మెమో రాయడం భారం కాదు. రేపు ఎవరైనా అబద్ధపు ఆరోపణ చేస్తే, ఆ మెమోనే ఆయన్ని కాపాడుతుంది. కాగితం రెండు వైపులా పనిచేస్తుంది.

చివరిగా మా పైన ఉండే పిల్లగాడి సంగతి. వాడు ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు, షిఫ్టుకి పోతున్నాడు. ఈ స్క్రిప్టు రాసుకున్నాక పైకి పోయి వాళ్లందరితో కూర్చున్నా. ఒక తెల్లకాగితం మీద ఆరుగురి పేర్లు, ఊళ్లు, ఇంటి ఫోన్ నంబర్లు, ఏ కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నారో రాయించి, తలుపు వెనకాల అంటించాం. ఒక కాపీ నా దగ్గర పెట్టుకున్నా. వాళ్లన్న అడిగాడు, "దీంతో ఏమైతది అన్నా?"

"ఏం కాకపోవచ్చురా. కానీ ఈసారి ఎవరన్నా మీరు లేరంటే, ఉన్నారని చెప్పడానికి నా దగ్గర కాగితం ఉంటది" అన్నా.

మీ రూముల్లో, మీ హాస్టళ్లల్లో, మీ లేబర్ క్వార్టర్లలో ఇలాంటి కాగితం ఒకటి ఈ వారం రాయండి. 15100 నంబర్ సేవ్ చేసుకోండి. గిరాయిపల్లి పేరు మీ ఇంట్లో 60 దాటిన పెద్దవాళ్లని అడగండి, గుర్తుందేమో చూడండి. ఎవరైనా ఏదైనా చెప్తే రాసి పెట్టుకోండి, తేదీతో సహా.

వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త.